ప్రైజులు వద్దు, పుస్తకాల్ని ఇళ్ళకి పంపండి

ప్రశ్న: నమస్తే అండీ. మా కాలనీలో నలుగురం తల్లులం కలిసి ప్రతి శనివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో పిల్లలకి ఒక కార్యక్రమం నడుపుతున్నాం. గంటసేపు చదివిస్తాం, తర్వాత అరగంట నీతికథలు, మంచి అలవాట్లు చెబుతాం. మొదట్లో ముప్పై నలభై మంది వచ్చేవాళ్ళు. ఇప్పుడు పన్నెండు మంది మిగిలారు. తల్లిదండ్రులు పిల్లల్ని గుమ్మం దగ్గర దింపేసి వెళ్ళిపోతారు. వాళ్ళలో కొందరికి చదువు రాదు. "మేమేం చెప్పగలం, మీరే చూసుకోండి" అంటారు. ఒక పెద్దాయన ముందుకొచ్చి, ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్ళకీ, 'ఉత్తమ గుణవంతుడు', 'ఉత్తమ గుణవంతురాలు' అని ఎంపిక చేసిన ఇద్దరికీ ఏటా ప్రైజులు ఇస్తానంటున్నారు. దాంతోనైనా వచ్చే పిల్లల సంఖ్య పెరుగుతుందని మావాళ్ళ ఆశ. ఇదంతా నడిపే నాకే ఇంట్లో ఇంకో తలనొప్పి. మా బాబుకి ఎనిమిదేళ్ళు. అక్షరాలు, గుణింతాలు వచ్చు. పుస్తకం చేతిలో పెడితే మాత్రం ఒక పేజీ అవకముందే తల నొప్పెడుతోందంటాడు. మావారు "ఊళ్ళో పిల్లలందరికీ చదువు చెబుతావు, ఇంట్లోవాడికి చెప్పలేవా" అని దెప్పుతారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు దాతగారి సంగతి తేల్చేద్దాం, పాపం ఆయన మీ మాట కోసం చూస్తూ ఉంటారు. డబ్బు తీసుకోండి. ప్రైజులు మాత్రం వద్దని చెప్పండి.

ఆశ చూపిస్తే పిల్లలు వస్తారు కదా అని మీవాళ్ళు అంటారు. వస్తారు, ఆ ఆశ ఉన్నన్నాళ్ళు. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి నర్సరీ బడిలో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు గీయడమంటే అప్పటికే ఇష్టమున్న చిన్నపిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి, గీస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, గీశాక ఇచ్చారు. మిగతావాళ్ళకి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ ఆ స్కెచ్ పెన్నులు బల్ల మీద పెట్టి ఊరుకుంటే, సర్టిఫికెట్ ఆశతో గీసినవాళ్ళు వాటి దగ్గర గడిపిన సమయం మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగమే. చెప్పకుండా ఇచ్చినవాళ్ళకి మాత్రం ఇష్టం తగ్గలేదు. అంటే చెడగొట్టింది బహుమతి కాదు, బేరం.

చదువు విషయంలో ఈ బేరం ఇంకో తమాషా చేస్తుంది. లెక్క పుస్తకాల సంఖ్య మీద పెట్టారనుకోండి, పిల్లలు తెలివైనవాళ్ళు, బొమ్మలెక్కువ, అక్షరాలు తక్కువ ఉన్న సన్నటి పుస్తకాలన్నీ ఏరుకుంటారు. రెండోసారి చదవాలనిపించిన పుస్తకాన్ని పక్కన పెట్టేస్తారు, అది లెక్కలోకి రాదు కాబట్టి. అసలు పిల్లవాడు ఒకే పుస్తకాన్ని మళ్ళీ మళ్ళీ అడగడం కంటే మంచి శకునం చదువులో ఇంకోటి లేదు. ఏదో ఒకటి ఇవ్వకపోతే దాతగారు నొచ్చుకుంటారంటారా, పుస్తకమే ఇప్పించండి. బార్బరా మారినాక్, లిండా గ్యాంబ్రెల్ 2008లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మూడో తరగతి పిల్లలకి చదివినందుకు చిన్నచిన్న వస్తువులు ఇచ్చినప్పటికంటే, పుస్తకం ఇచ్చినప్పుడు, లేదా అసలు ఏమీ ఇవ్వనప్పుడు, ఆ తర్వాత కూడా వాళ్ళు తమంతట తాము చదవడం ఎక్కువగా కొనసాగింది.

ఇక 'ఉత్తమ గుణవంతుడు' ప్రైజు. దీని మీద నాకు పరిశోధన కూడా అక్కర్లేదు. మంచితనానికి ఫస్టు ప్రైజు పెడితే, రానివాళ్ళంతా ఏమైనట్టు? పైగా ఆ పిల్లల్లో ఎవరికి వస్తుందో మీకు ఇప్పుడే తెలుసు: మెల్లిగా మాట్లాడే, ఉతికిన బట్టలు వేసుకునే, టీచరు చూస్తున్నప్పుడు కుర్చీలు సర్దే పిల్లకి. ఇంట్లో తమ్ముణ్ణి చంకనేసుకుని వంట చేసి, హాలుకి ఆలస్యంగా వచ్చి, ఎవరో ఏదో అంటే చెయ్యి చేసుకునే పిల్లకి రాదు. ఎవరు గుణవంతులో తేల్చేంత దగ్గరగా మనం ఎవర్నీ చూడం. ఆ డబ్బుతో ఒకే పుస్తకం ఐదారు కాపీల చొప్పున, రకరకాల పుస్తకాలు కొనిపించండి. గట్టి గుడ్డసంచులు కుట్టించండి. అలమారా మీద ఆయన పేరు రాయించండి, దాని ముందు ఫోటో తీయించండి. ఆయనా సంతోషిస్తారు.

పిల్లలు నలభై నుంచి పన్నెండుకి ఎందుకు తగ్గారన్నది తర్వాతి సంగతి. మీ చేతకానితనం కాదు. వారానికి నూట అరవై ఎనిమిది గంటలుంటే మీ వాటా ఒకటిన్నర. ఆ ఒకటిన్నర గంటల్లోనే చదువూ సంస్కారమూ రెండూ పూర్తిచేసి పంపాలని చూస్తున్నారు, అది ఎవరి తరమూ కాదు. బడి అయ్యాక ఇంకో బడి అనిపించిన చోటికి పిల్లలు ఎన్నాళ్ళు వస్తారు? నా లెక్కలో మీ కార్యక్రమం పని చదివించడం కాదు. మిగతా ఆరు రోజులూ ఆ ఇళ్ళల్లో రోజుకి ఓ పావుగంట ఏదో ఒకటి జరిగేలా చూడటం. శనివారం ఆ పావుగంటలకి కావలసిన సరంజామా అందించే రోజు, అంతే.

"వాళ్ళకి చదువు రాదు కదా" అంటారు. అక్కడికే వస్తున్నాను. లండన్‌లో హారింగే అనే ప్రాంతంలో 1976 నుంచి రెండేళ్ళపాటు జాక్ టిజార్డ్, ఆయన సహచరులు ఒక పని చేశారు. అది శ్రామిక కుటుంబాల ప్రాంతం, చాలా దేశాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు ఉండేవాళ్ళు. ఆరేడేళ్ళ పిల్లలకి బడివాళ్ళు పుస్తకాలిచ్చి ఇంటికి పంపేవారు, పిల్లలు అమ్మకో నాన్నకో చదివి వినిపించాలి. అంతే. కొన్ని తరగతుల్లో దీని బదులు అదనంగా ఒక టీచర్ని పెట్టి, చిన్న గుంపులుగా కూర్చోబెట్టి చదివించారు. ఇంట్లో చదివి వినిపించిన పిల్లలు బాగా ముందుకెళ్ళారు. అదనపు టీచరున్న తరగతుల్లో అంత మెరుగు కనిపించలేదు. ఇక్కడ మీరు గమనించాల్సింది, ఆ తల్లిదండ్రుల్లో ఇంగ్లీషు చదవడం రానివాళ్ళు, అసలు మాట్లాడటమే రానివాళ్ళు ఉన్నారు. అయినా పిల్లలకి చదువొచ్చింది. వాళ్ళు చేసింది కూర్చుని వినడం.

కాబట్టి "మేమేం చెప్పగలం" అన్న అమ్మతో మీరు అనాల్సిన మాట "మీరేం చెప్పక్కర్లేదమ్మా, వినండి చాలు". ఊరికే అనేస్తే నమ్మదు. ఈ శనివారం ఆమెని పది నిమిషాలు ఉండమని అడగండి, గంట కాదు. పిల్లని పక్కన కూర్చోబెట్టి ఒక పుస్తకం చదివించండి. మధ్యలో ఆపి అమ్మ చేత "తర్వాత ఏమైంది?" అనిపించండి. "ఎందుకలా చేసింది?" అనిపించండి. చివర్లో "నాకు ఆ రెండో బొమ్మ మళ్ళీ చూపించు" అనిపించండి. ఈ మూడు మాటలకీ అక్షరం ముక్క అక్కర్లేదు. పిల్ల తప్పు చదివితే పట్టుకోలేను కదా అని ఆమె భయం. పట్టుకోనక్కర్లేదు, తప్పు చదివితే కథ అతకదు. "అదేంటే, ఇందాక మేక అన్నావు, ఇప్పుడు మూక అంటున్నావు?" అని ఆమే అడుగుతుంది. పిల్ల మళ్ళీ చూసుకుంటుంది. అచ్చం టీచరు చేసే పనే అది.

మాటల్లేని బొమ్మల పుస్తకాలు కూడా కొన్ని తెప్పించండి. వాటి ముందు చదువొచ్చినవాళ్ళూ రానివాళ్ళూ సమానం. ఇంకోటి, నాకు బాగా ఇష్టమైన పని: ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే కథో, తమ చిన్నతనంలో జరిగిన సంగతో పిల్లలు విని రాసుకురావాలి. తాత చెప్పింది చెప్పినట్టు, తాత మాటల్లోనే. నాలుగు వాక్యాలైనా చాలు. దాన్ని మీరు శుభ్రంగా రాసి, పిల్ల చేత బొమ్మ వేయించి, కుట్టి, మిగతా పుస్తకాలతో పాటు అలమారాలో పెట్టండి. ఆ పుస్తకం ఏ ఇంటికి వెళ్ళినా "ఇది ఫలానా వాళ్ళ తాత కథ" అని వెళ్తుంది. చదువు రాదని గుమ్మం దగ్గరే ఆగిపోయిన మనిషి లోపలికి రావడానికి ఇంతకంటే మంచి పిలుపు నాకు తెలీదు. భాష గురించి కూడా ఒక మాట. బడిలో చదివే భాష వేరైతే, ఇంట్లో కూడా అదే మాట్లాడాలని కొందరు తల్లిదండ్రులు తమకి సరిగ్గా రాని భాషలో పొడిపొడిగా మాట్లాడుతుంటారు. వద్దని చెప్పండి. తమకి ఏ భాషలో దెబ్బలాడటం, నవ్వించడం, బుజ్జగించడం వచ్చో ఆ భాషలోనే పిల్లలతో మాట్లాడాలి. అక్కడ పోగైన మాటలూ, ఊహలూ ఏ భాష చదువుకైనా పనికొస్తాయి.

ఇప్పుడు మీ బాబు. తలనొప్పి అంటున్నాడని రాశారు. ముందు కళ్ళ డాక్టరుకి చూపించండి. ఇది చదివి నవ్వుకోకండి. ఎనిమిదేళ్ళవాడికి దగ్గరివి సరిగ్గా కనపడకపోతే ఆ సంగతి వాడికీ తెలీదు, అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటాడు. సాకు అనుకుని మనం కోప్పడతాం. కళ్ళు బాగానే ఉన్నాయని తేలాక మిగతా మాట.

అక్షరాలు, గుణింతాలు వచ్చాయన్నారు, ఒత్తుల మాట ఎత్తలేదు. నా అనుమానం అక్కడే. మనలాంటి లిపులకి అక్షరాలు ఇరవై ఆరుతో అయిపోవు. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలిపితే కంటికి వందల ఆకారాలు తగుల్తాయి. కన్నడం చదివే పిల్లల మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో నాలుగో తరగతికి వచ్చినా అక్షరాల మీద పట్టు ఇంకా కుదురుకుంటూనే ఉందని తేలింది. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువే. అంచేత ఎనిమిదేళ్ళవాడు 'విద్యుత్తు' దగ్గరో 'దృశ్యం' దగ్గరో తడబడితే మొద్దబ్బాయి అయిపోడు. కానీ ప్రతి వాక్యంలో రెండుసార్లు తడబడితే, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతాడు. కథ అందదు. కథ అందని పుస్తకం ఎవరికైనా తలనొప్పే.

ఇలాంటి పిల్లలకి కొందరు కథలు చదివి వినిపిస్తూ పోతే చదువు దానంతటదే వస్తుందంటారు. ఇంకొందరు కథలెందుకు, ఒత్తులు రుద్దించమంటారు. ఇద్దరూ సగం సగమే. మోనీక్ సెనెషల్, జో-ఆన్ లెఫెవ్ర్ కెనడాలో కొందరు పిల్లల్ని ఐదేళ్ళపాటు గమనించి 2002లో చెప్పింది ఇదే: కథలు చదివి వినిపించిన ఇళ్ళ పిల్లలకి మాటల సంపద, విని అర్థం చేసుకునే శక్తి పెరిగాయి. అక్షరాలు, పదాలు దగ్గర కూర్చుని నేర్పిన ఇళ్ళ పిల్లలకి చదవడం త్వరగా పట్టుబడింది. ఒకటి చేస్తే రెండోది ఉచితంగా రాలేదు. మీ బాబుకి రెండూ కావాలి, కానీ రెండింటికీ వేరువేరు పుస్తకాలు. మీరు చదివి వినిపించేది వాడి వయసుకి తగ్గ మంచి కథ, కష్టమైనా ఫర్వాలేదు. వాడు చదివేది వాడికి సులువైనది, తమ్ముడి వయసు పుస్తకమైనా సరే.

వాడు చదివేటప్పుడు ఎలా కూర్చోవాలో చెబుతాను. బ్రిటన్‌లో కీత్ టాపింగ్ అనే ఆయన బాగా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. పక్కపక్కన కూర్చోండి, ఎదురెదురుగా వద్దు. పుస్తకం వాడు ఎంచుకుంటాడు. ఇద్దరూ కలిసి పైకి చదవడం మొదలుపెట్టండి, వాడి వేగంతో, మీ వేగంతో కాదు. వేలు వాడిదే. కాస్త ధైర్యం రాగానే వాడు మీ చేతి మీద తడతాడు, అది ముందే అనుకున్న గుర్తు. మీరు ఆగిపోతారు, వాడొక్కడే చదువుతాడు. 'చంద్రుడు' దగ్గర ఆగాడనుకోండి. మీ నాలుక చివరిదాకా వస్తుంది, ఆపుకోండి. నాలుగైదు సెకన్లు. చెప్పడానికి చిన్నదే కానీ, పక్కన కూర్చుంటే ఎంత సుదీర్ఘమో మీకే తెలుస్తుంది. వాడి వేలు ఆ అక్షరం కింద కదులుతుంది, పెదవులు "చం... ద..." అంటాయి. వచ్చేస్తే సరే. రాకపోతే మీరు "చంద్రుడు" అని మామూలుగా అనండి, వాడూ అంటాడు, మళ్ళీ కలిసి ముందుకి సాగండి. "ద కి రావత్తు ఇస్తే ఏంటి? నిన్న చెప్పాను కదా!" అనేది మాత్రం అక్కడ వద్దు. ఒత్తుల పాఠం ఇంకో పూట, పలక మీద, ఐదు నిమిషాలు. కథ మధ్యలో పాఠం పెడితే కథా పోతుంది, పాఠమూ పోతుంది. వారానికి ఐదు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు మించొద్దు. వాడు ఇంకా కావాలన్నా ఆపేయండి, రేపటికి కొంచెం ఆకలి మిగలాలి.

రెండు మూడు నెలలు ఇలా క్రమంగా చేసినా అక్షరాలు నిన్న వచ్చి ఇవాళ పోతుంటే, ఇంట్లో వాదించుకోకుండా నేర్చుకోవడంలో ఇబ్బందుల్ని పరీక్షించే నిపుణులకి చూపించండి. డిస్‌లెక్సియా, అంటే చదవడం, రాయడం పట్టుబడని ఇబ్బంది, ఉన్న పిల్లలకి తెలివి తక్కువ కాదు, నేర్పే తీరు వేరుగా ఉండాలి. ఎంత ముందు తెలిస్తే అంత మంచిది. మీ పన్నెండు మందిలో కూడా ఇలాంటివాళ్ళు ఉండొచ్చు, చూస్తూ ఉండండి.

ఇక ఆ అరగంట నీతికథలు. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నాకు ఎక్కువ బెంగ కలిగించింది అదే. చదువు ఒక గంట, మంచితనం అరగంట అని విడదీయగానే పిల్లలకి అర్థమైపోతుంది, రెండో అరగంట టీచరు వినాలనుకున్న జవాబులు చెప్పాల్సిన సమయమని. "దీనివల్ల నీతి ఏమిటి?" అంటే హాలంతా ఒకే గొంతుతో "అబద్ధం ఆడరాదు" అంటుంది. ఆ గొంతుకీ ఆ పిల్లలు రేపు ఆడబోయే అబద్ధాలకీ ఏ సంబంధమూ ఉండదు.

టొరంటోలో కాంగ్ లీ, ఆయన సహచరులు 2014లో దీన్నే పరీక్షించారు. మూడు నుంచి ఏడేళ్ళ పిల్లలకి, వెనకాల పెట్టిన బొమ్మని తిరిగి చూడొద్దని చెప్పి బయటికెళ్ళారు. చాలామంది చూశారు. తర్వాత వాళ్ళకి ఒక కథ చదివి, "చూశావా?" అని అడిగారు. అబద్ధం చెప్పినవాడికి ముక్కు పొడుగైన కథో, మనం 'నాన్నా పులి' అని చెప్పుకునే కథలాంటిదో విన్న పిల్లలు ఏ నీతీ లేని కథ విన్నవాళ్ళలాగే అబద్ధమాడారు. చెట్టు నరికి, తండ్రి అడిగితే నిజం ఒప్పుకుని మెప్పు పొందిన జార్జి వాషింగ్టన్ కథ విన్నవాళ్ళలో మాత్రం నిజం చెప్పినవాళ్ళు పెరిగారు. (ఆ కథ కల్పితమనే చరిత్రకారులు అంటారు, అది వేరే సంగతి.) అదే కథని, అబద్ధమాడి శిక్ష పడినట్టు మార్చి చెబితే ఆ ప్రభావమూ పోయింది. భయపెట్టే కథ పిల్లలకి నేర్పేది దొరక్కూడదని. నిజం చెబితే ఏమవుతుందో చూపించిన కథ ఇంకో దారి ఉందని నేర్పుతుంది. మీ కథల పెట్టె ఒకసారి బయటపోసి చూడండి, అందులో శిక్షలెన్ని, ఒప్పుకోళ్ళెన్ని అని.

చెప్పే తీరూ ముఖ్యమే. ఉదాహరణకి ఒక కథ. ఊరెళుతూ స్నేహితురాలు తన కుక్కపిల్లని ఒకమ్మాయికి అప్పజెప్పింది. ఈ పిల్ల గేటు వెయ్యడం మర్చిపోయింది, కుక్కపిల్ల వెళ్ళిపోయింది. స్నేహితురాలు తిరిగొచ్చి అడిగితే "గేటు వేశాను, ఎలా పోయిందో తెలీదు" అంది. ఇక్కడ పుస్తకం మూసెయ్యండి. నీతి అడక్కండి. "ఈ పిల్లకి ఇప్పుడు కడుపులో ఎలా ఉంటుంది?" అని అడగండి. "ఇద్దరూ కలిసి వెతకడానికి వెళ్ళారనుకోండి, దార్లో ఏం మాట్లాడుకుంటారు?" అని అడగండి. ఎవరో ఒకడు "చెప్పకపోతేనే నయం, స్నేహం పోతుంది" అంటాడు. కోప్పడకండి. అది ఆ సాయంత్రం వినబోయే మాటల్లో కల్లా నిజాయితీ ఉన్న మాట. "నిజమే, పోవచ్చు. మరి చెప్పకపోతే ఉంటుందా?" అని వదిలేయండి. జవాబు మీరు చెప్పొద్దు, ఇంటికి తీసుకెళ్ళనివ్వండి.

ఇలా అడుగుతూ చదవడం వల్ల గుణం సంగతి అలా ఉంచి, మాటలూ పెరుగుతాయి. గ్రోవర్ వైట్‌హర్స్ట్ 1988లో చేసిన అధ్యయనంలో రెండేళ్ళ వయసు పిల్లల తల్లిదండ్రులు అందరూ ఇంట్లో పిల్లలకి కథలు చదివారు. సగం మందికి మాత్రం ఊరికే చదువుతూ పోకుండా ప్రశ్నలు అడగడం, పిల్లలన్న మాటకి ఇంకో మాట కలిపి తిరిగి అనడం నేర్పారు. నాలుగు వారాలకే ఆ పిల్లలు మాటల్లో స్పష్టంగా ముందున్నారు. ఒక్క అడగడంతో రెండు పనులు జరుగుతుంటే రెండు పీరియడ్లు ఎందుకు?

ఇంకో పాత ప్రయోగం మీ నలుగురు తల్లులకీ చెప్పండి. 1970లో జేమ్స్ బ్రయన్, నాన్సీ వాల్‌బెక్ మూడు, నాలుగు తరగతుల పిల్లలకి ఒక ఆట పెట్టి, అందులో గెలిచినదాంట్లో కొంత పేదపిల్లలకి ఇవ్వొచ్చన్నారు. ముందు ఆడి చూపించిన మనిషి కొందరి ముందు ఇచ్చారు, కొందరి ముందు ఇవ్వలేదు. కొందరి ముందు ఇవ్వడం మంచిదని ఉపన్యాసం చెప్పారు, కొందరి ముందు చెప్పలేదు. పిల్లలు ఇచ్చారా లేదా అన్నది ఆ మనిషి చేసిన పనిని బట్టే సాగింది, ఉపన్యాసాన్ని బట్టి కాదు. ఉపన్యాసం వాళ్ళ నోటి మాటల్లో మాత్రం తేలింది. మనం చెప్పింది చెప్పారు, చేసింది చేశారు.

అందుకే ఆ అరగంటని ఉపన్యాసం నుంచి తీసి పనిలో పెట్టండి. పుస్తకాల రిజిస్టరు పెద్దవాళ్ళు కాదు, పిల్లలే రాయాలి, నెలకి ఇద్దరు చొప్పున అందరూ. ఎవరు ఏది తీసుకెళ్ళారు, ఎప్పుడు తెచ్చారు. మొదట్లో గజిబిజిగా రాస్తారు, తప్పుల కోసం మీరే వెతుక్కోవాల్సి వస్తుంది. రాయనివ్వండి. పుస్తకం చిరిగి తిరిగొస్తుంది, తప్పకుండా వస్తుంది, ఇంట్లో చిన్నవాళ్ళున్న ప్రతి చోటా పుస్తకాలు చిరుగుతాయి. జరిమానా పెడితే ఆ పుస్తకమూ రాదు, ఆ పిల్లాడూ రాడు. దాని బదులు ఒక మూల బల్ల వేసి జిగురు, పారదర్శకంగా ఉండే టేపు, కత్తెర, పాత కాగితాలు పెట్టండి. చింపినవాడు తెచ్చి, "ఇది నా దగ్గర చిరిగింది" అని చెప్పి, అక్కడే కూర్చుని అతికిస్తాడు. మొదటిసారి మీలో ఒకరు పక్కన కూర్చుని, చిరుగు అంచులు ఎలా కలపాలో, టేపు కింద గాలి బుడగలు లేకుండా వేలితో ఎలా నొక్కాలో చూపించాలి. ఎవరూ వాణ్ణి చుట్టూ మూగి చూడకూడదు. నిజం చెబితే తిట్లు పడవనీ, పాడైనదాన్ని బాగుచెయ్యొచ్చనీ ఏ నీతికథా ఇంత బాగా చెప్పలేదు.

పెద్దపిల్లలు చిన్నపిల్లలకి చదివి వినిపించే ఏర్పాటు కూడా చెయ్యండి. పది, పదకొండేళ్ళొచ్చి సరిగ్గా చదవలేనివాడికి ఒకటో తరగతి పుస్తకం ఇస్తే సిగ్గుపడతాడు. "చిన్నాళ్ళకి వినిపించాలి, ముందు ఒకసారి చూసుకో" అని అదే పుస్తకం ఇస్తే నాలుగుసార్లు చదువుకుంటాడు. వాడికి కావలసింది సరిగ్గా ఆ అభ్యాసమే. మీరు అల్లరివాళ్ళని లెక్కేసినవాళ్ళకే ముందు ఈ పని ఇవ్వండి. ఒకటి మాత్రం పట్టుదలగా పాటించండి: పిల్లల దగ్గర ఏ పెద్దవాళ్ళూ ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరుండాలి, తలుపు తెరిచి ఉండాలి, ఎవర్ని ఎవరు ఇంటికి తీసుకెళ్ళొచ్చో తల్లిదండ్రుల చేత రాయించుకోవాలి. మనవాళ్ళేగా అనుకునే చోటే ఈ నియమం ఎక్కువ అవసరం.

నలభై మందిని మళ్ళీ రప్పించే సంగతి ఇప్పుడు మర్చిపోండి. ఆ పన్నెండు మందికి పన్నెండు సంచులు చాలు. ప్రతి సంచిలో రెండు పుస్తకాలు: పిల్ల చదివేది ఒకటి, పెద్దవాళ్ళతో కలిసి చూసేది ఒకటి. మానేసిన ఇళ్ళకి వాట్సాప్ సందేశాలు పంపకుండా, వీలున్నప్పుడు వెళ్ళి తలుపు తట్టి "ఏ వేళైతే మీకు కుదురుతుంది?" అని అడగండి. శనివారం సాయంత్రం ఎవరి వీలు చూసి పెట్టారో కూడా ఆలోచించండి. అది మీ నలుగురికీ ఖాళీ సమయం కావచ్చు, ఆ ఇళ్ళల్లో పని నుంచి ఇంకా తిరిగిరాని సమయం కావచ్చు. మూడు నెలలకోసారి ప్రతి ఇంట్లో ఒకే ప్రశ్న అడగండి: ఈ వారం ఎన్ని రోజులు కలిసి కూర్చున్నారు? హాల్లో తలలు లెక్కపెట్టడం కంటే ఆ లెక్క మీకు ఎక్కువ చెబుతుంది.

మీవారి మాటకి కూడా జవాబు ఉంది. ఇంట్లోవాడికి మీరొక్కరే చెప్పాలని ఎక్కడుంది? మంగళవారం, గురువారం ఆయన వంతు పెట్టండి. ఫోను పక్క గదిలో పెట్టి, బాబు పక్కన పదిహేను నిమిషాలు కూర్చుని, 'చంద్రుడు' దగ్గర నాలుగైదు సెకన్లు నోరు మూసుకుని ఉండగలిగితే, ఆ తర్వాత ఎంత దెప్పినా మీరు వినొచ్చు.